కలుపుకునే పార్టీకి కలిసిపోయే గండం

2010 నుంచి 2024 వరకు పద్నాలుగేళ్లలో బ్రిటన్‌ను ఐదుగురు కన్జర్వేటివ్ ప్రధానులు పాలించారు. 2024 జూలై 4 ఎన్నికల్లో ఆ ఐదుగురి నియోజకవర్గాల్లో నాలుగు పార్టీ చేజారిపోయాయి. డేవిడ్ కామెరాన్ ఒకప్పుడు గెలుస్తూ వచ్చిన విట్నీ, థెరెసా మే స్థానం మెయిడెన్‌హెడ్ లిబరల్ డెమొక్రాట్ల పాలయ్యాయి. బోరిస్ జాన్సన్ పాత సీటు అక్స్‌బ్రిడ్జ్‌ను లేబర్ పార్టీ గెలుచుకుంది. లిజ్ ట్రస్ అయితే సౌత్ వెస్ట్ నార్ఫక్‌లో స్వయంగా పోటీచేసి లేబర్ అభ్యర్థి చేతిలో ఓడిపోయారు. మిగిలింది రిషి సునాక్ యార్క్‌షైర్ స్థానం ఒక్కటే. పార్టీకి మొత్తం 121 సీట్లు, 23.7 శాతం ఓట్లు వచ్చాయి. వేల్స్‌లో ఒక్క సీటూ రాలేదు, స్కాట్లాండ్‌లో అయిదు వచ్చాయి. అంతకుముందు అందరూ ఘోర పరాజయంగా చెప్పుకున్న 1906లో కూడా 156 మంది గెలిచారు.

ఓటమి ఈ పార్టీకి కొత్త కాదు. 1945లో యుద్ధం గెలిపించిన చర్చిల్‌నే జనం ఇంటికి పంపారు. ఆరేళ్లు దాటగానే ఆయన మళ్లీ ప్రధాని అయ్యారు. 1997లో 165 సీట్లకు పడిపోయిన పార్టీ పదమూడేళ్ల తర్వాత అధికారంలోకి వచ్చింది. అప్పుడు ఎంత చితికిపోయినా పార్టీకి ఒక ధీమా ఉండేది. లేబర్ ప్రభుత్వం మీద విసుగుపుట్టిన ఓటరు పోవడానికి మరో పెద్ద గడప లేదు, కాస్త ఓపిక పడితే ఆ ఓటరు తనంతట తానే వస్తాడు. 2024 తర్వాత ఆ ధీమా లేదు. నైజెల్ ఫరాజ్ నాయకత్వంలో వలసల కట్టడి కోరే రిఫార్మ్ యూకే పార్టీకి ఆ ఎన్నికల్లో 5 సీట్లే వచ్చినా ఓట్లు 14.3 శాతం వచ్చాయి. 98 నియోజకవర్గాల్లో అది రెండో స్థానంలో నిలిచింది, వాటిలో 89 లేబర్ గెలిచినవి. లేబర్ మీద కోపం వచ్చినవాళ్లు ఇప్పుడు ఎటు చూస్తారో ఆ అంకెలే చెబుతున్నాయి.

కాబట్టి లండన్ పత్రికలు ఎడతెగక చర్చించే ప్రశ్న, అంటే పార్టీ మధ్యేమార్గానికి రావాలా లేక ఇంకా కుడివైపు జరగాలా అన్నది, అసలు సంగతికి పక్కనే ఆగిపోతుంది. బ్రిటన్‌లో సంప్రదాయవాద ఓటు మీద హక్కు ఎవరిదన్నదే ఇప్పుడు తేలాల్సింది. ఆ హక్కు తమదేనని టోరీలు (కన్జర్వేటివ్‌లకు పాత పేరు) దాదాపు రెండు శతాబ్దాలుగా నిశ్చింతగా ఉన్నారు.

ఇంతకాలం ఈ పార్టీ నిలిచింది సిద్ధాంత బలంతో కన్నా పక్కవారిని తనలో కలుపుకునే నేర్పుతోనే అని చెప్పాలి. 1886లో ఐర్లండ్‌కు స్వయంపాలన ఇవ్వాలన్న గ్లాడ్‌స్టన్ ప్రతిపాదన మీద లిబరల్ పార్టీ చీలింది. బయటికి వచ్చిన జోసెఫ్ చాంబర్లేన్ వర్గాన్ని టోరీలు ముందు మిత్రులుగా దగ్గరికి తీశారు, తర్వాత మంత్రివర్గంలోకి తీసుకున్నారు, చివరికి 1912లో పూర్తిగా విలీనం చేసుకున్నారు. 1931 సంక్షోభంలో మరో లిబరల్ చీలికవర్గం వచ్చి చేరింది. నేషనల్ లిబరల్స్ అనే ఆ పేరు నామమాత్రంగా మిగిలి 1968లో అదీ పోయింది. 2010లో సంకీర్ణంలో చేరిన లిబరల్ డెమొక్రాట్లకు అప్పుడు 57 మంది ఎంపీలు, అయిదేళ్లు మంత్రి పదవులు అనుభవించాక మిగిలింది 8 మంది. టోరీలతో పొత్తు పెట్టుకున్నవారికి చరిత్ర ఇచ్చిన హెచ్చరిక అంత స్పష్టంగా ఉంది.

దీనికి విరుద్ధంగా జరిగింది ఒక్కసారే. 1846లో ప్రధాని రాబర్ట్ పీల్ ధాన్యం దిగుమతులపై సుంకాల చట్టాలను రద్దు చేశారు. పట్టణాల్లో రొట్టె చవకైంది కానీ భూస్వాములైన సొంత ఎంపీలు తిరగబడ్డారు, పార్టీ నిట్టనిలువునా చీలింది. పీల్‌తో వెళ్లినవాళ్లు తెలివైనవాళ్లు, పాలనానుభవం ఉన్నవాళ్లు. ఓట్లు తెచ్చే బలగం మాత్రం వాళ్లకు లేదు. చివరికి వాళ్లు లిబరల్ పార్టీలో కలిసిపోయారు, వాళ్లలో ఒకడైన గ్లాడ్‌స్టన్ ఆ పార్టీ తరఫున నాలుగుసార్లు ప్రధాని అయ్యాడు. మిగిలిన కన్జర్వేటివ్‌లు సొంత మెజారిటీ చూడటానికి 1874లో డిజ్రేలీ గెలిచేదాకా, అంటే ఇరవై ఎనిమిదేళ్లు ఆగాల్సి వచ్చింది. నేటి పరిస్థితికి 1997 కంటే 1846 దగ్గరగా ఉంది.

ఫరాజ్‌ను కూడా టోరీలు కలుపుకోవాలని చూశారు, కొంతకాలం కలుపుకున్నారు కూడా. 2013 జనవరిలో యూరోపియన్ యూనియన్‌పై ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతానని కామెరాన్ మాట ఇవ్వడం వెనక, అప్పట్లో ఫరాజ్ నడిపిన యూకిప్ పార్టీ భయం ఉంది. 2015లో యూకిప్‌కు 12.6 శాతం ఓట్లు వచ్చినా సీటు ఒక్కటే దక్కింది. 2016 ప్రజాభిప్రాయ సేకరణలో యూనియన్ నుంచి వైదొలగాలన్న బ్రెగ్జిట్ పక్షం 51.9 శాతంతో గెలిచింది. మే ప్రభుత్వం ఆ తీర్పును అమలు చేయలేక నలిగిపోతుంటే, 2019 మేలో జరిగిన యూరోపియన్ పార్లమెంట్ ఎన్నికల్లో ఫరాజ్ కొత్తగా పెట్టిన బ్రెగ్జిట్ పార్టీ (నేటి రిఫార్మ్ యూకేకు పాత పేరు) అందరికన్నా ముందు నిలిచింది, దేశాన్ని పాలిస్తున్న పార్టీ తొమ్మిది శాతం దగ్గర అయిదో స్థానానికి పడింది. జాన్సన్ వచ్చి ఫరాజ్ నినాదాన్ని పూర్తిగా తన సొంతం చేసుకున్నారు. ఆ ఏడాది డిసెంబరు ఎన్నికల్లో టోరీలు అంతకుముందు గెలిచిన 317 స్థానాల్లో ఫరాజ్ అభ్యర్థులను నిలపలేదు. టోరీలకు 43.6 శాతం ఓట్లు, 365 సీట్లు వచ్చాయి. తరతరాలుగా లేబర్‌కే ఓటేసిన బొగ్గుగనుల ఊళ్లు, టోనీ బ్లెయిర్ గెలిచిన సెడ్జ్‌ఫీల్డ్‌తో సహా, టోరీల నీలి రంగులోకి మారాయి. పాత కథే మళ్లీ జరిగిందని, చిన్న పార్టీ పెద్ద పార్టీ కడుపులో చేరిపోయిందని అందరూ అనుకున్నారు.

అరగలేదు. మాట ఇవ్వడం తేలికైంది, దాన్ని నిలబెట్టుకోవడం దగ్గరే పార్టీ తేలిపోయింది. వలసల విషయమే తీసుకుంటే, ఏటా నికర వలసను లక్షలోపుకు తెస్తామని 2010లో కామెరాన్ చెప్పారు. మొత్తం సంఖ్య తగ్గుతుందని 2019లో జాన్సన్ మ్యానిఫెస్టో చెప్పింది. 2023 నాటికి అది ఏడాదికి 9 లక్షలు దాటింది. ఇందులో కుట్ర ఏమీ లేదు. విశ్వవిద్యాలయాలకు విదేశీ విద్యార్థుల ఫీజులు కావాలి, ఎందుకంటే స్వదేశీ విద్యార్థుల ఫీజును ప్రభుత్వమే ఏళ్లపాటు పెంచనివ్వలేదు. వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో తక్కువ జీతానికి పనిచేసే మనుషులు దొరకలేదు, అందుకని 2022 ఫిబ్రవరిలో ఆ ఉద్యోగాలకు వీసాలు తెరిచారు. ఉక్రెయిన్, హాంకాంగ్ నుంచి వచ్చినవారు కూడా ఆ లెక్కలో ఉన్నారు. ప్రతి నిర్ణయానికీ విడిగా చూస్తే ఒక కారణం ఉంది. అన్నీ కలిపి చూస్తే, సరిహద్దుల మీద పట్టు తెస్తామని ఓటు అడిగిన పార్టీ చరిత్రలో అతి పెద్ద వలసకు తలుపు తీసింది. విచిత్రమేమిటంటే సునాక్ ప్రభుత్వం చివర్లో తెచ్చిన కఠిన నిబంధనల వల్ల ఆ సంఖ్య వేగంగా పడిపోయింది, 2025 జూన్‌తో ముగిసిన ఏడాదికి 2,04,000కు వచ్చింది. ఆ ఘనత టోరీలకు ఎవరూ ఇవ్వలేదు.

డబ్బు విషయంలో నమ్మకం అంతకన్నా వేగంగా పోయింది. 2022 సెప్టెంబరు 23న ట్రస్ ఆర్థికమంత్రి క్వాసి క్వార్టెంగ్ ఏటా 4,500 కోట్ల పౌండ్ల మేర పన్నులు తగ్గిస్తున్నట్లు ప్రకటించారు. అందుకు సొమ్ము ఎక్కడినుంచి వస్తుందో చెప్పలేదు. పౌండు విలువ కుప్పకూలింది, ప్రభుత్వ బాండ్లు పడిపోయి పెన్షన్ నిధులు చిక్కుల్లో పడ్డాయి, అయిదు రోజుల్లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రంగంలోకి దిగాల్సి వచ్చింది. ఇంటి రుణాలపై వడ్డీ 6 శాతం దాటింది. ఇతర పార్టీలను ఎంత తిట్టుకున్నా, ఖజానా మాత్రం టోరీల చేతిలో భద్రంగా ఉంటుందని సగటు ఇంగ్లిష్ మధ్యతరగతి మనిషి అనుకునేవాడు. నలభై తొమ్మిది రోజుల ప్రభుత్వం ఆ అభిప్రాయాన్ని చెరిపేసింది.

ఇక్కడిదాకా చెప్పినవి నాయకుల తప్పులు. నాయకులు మారితే ఇవి సర్దుకోవచ్చు. నాయకులను మార్చినా సర్దుకోనిది ఇంకొకటి ఉంది. అది ఇల్లు.

ఆస్తి ఉన్న పౌరులతో కూడిన ప్రజాస్వామ్యం కావాలని నోయెల్ స్కెల్టన్ అనే స్కాటిష్ టోరీ 1923లో రాశాడు. సొంత ఆస్తి ఉన్నవాడికి వ్యవస్థ కూలిపోకుండా చూసుకోవాలన్న కోరిక పుడుతుందన్నది అందులోని తర్కం. ఇరవయ్యో శతాబ్దపు కన్జర్వేటివ్ విజయాలన్నిటికీ పునాది అదే. 1950ల మొదట్లో హెరాల్డ్ మాక్‌మిలన్ గృహనిర్మాణ మంత్రిగా ఏడాదికి మూడు లక్షల ఇళ్లు కట్టిస్తానని చెప్పి కట్టించాడు, తర్వాత ప్రధాని అయ్యాడు. 1980లో థాచర్ ప్రభుత్వం స్థానిక సంస్థలు అద్దెకిచ్చే కౌన్సిల్ ఇళ్లలో ఉంటున్నవారికి వాటిని భారీ తగ్గింపుతో కొనుక్కునే హక్కు ఇచ్చింది. లక్షలాది కార్మిక కుటుంబాలు ఇంటివాళ్లయ్యాయి, అందులో చాలామంది టోరీ ఓటర్లూ అయ్యారు. కానీ అమ్మిన ఇళ్ల స్థానంలో కొత్తవి కట్టలేదు. 1997లో ఇంగ్లండ్‌లో సగటు ఇంటి ధర సగటు వార్షిక సంపాదనకు మూడున్నర రెట్లుండేది, ఇప్పుడది సుమారు ఎనిమిది రెట్లు. లండన్‌లో ఇంకా ఎక్కువ. ముప్పై అయిదేళ్లు వచ్చి, మంచి ఉద్యోగం ఉండి, జీతంలో పెద్ద భాగం అద్దెకు పోస్తున్న మనిషి ఈ వ్యవస్థను ఎందుకు కాపాడాలి?

ఓటర్లలో వయసు రేఖ దీన్ని స్పష్టంగా చూపిస్తుంది. యూగవ్ అనే సర్వే సంస్థ లెక్క ప్రకారం 2019లో 39 ఏళ్లు దాటిన ఓటరు లేబర్ కన్నా కన్జర్వేటివ్‌కు ఓటేసే అవకాశం ఎక్కువ. 2024లో ఆ వయసు 63కు చేరింది. వయసు పెరిగేకొద్దీ మనుషులు టోరీలవుతారన్న పాత నమ్మకం నిజానికి వయసు గురించి కాదు. వయసుతోపాటు ఇల్లు, పిల్లలు, కాస్త పొదుపు చేరేవి, అవి చేరినవాళ్లు టోరీలయ్యేవారు. అవి చేరడం ఆగిపోతే వయసు ఒక్కటే ఏమీ చేయదు.

ఇళ్లు కట్టవచ్చు కదా అంటే, పార్టీ ఆ ప్రయత్నం చేయబోయి తన సొంత ఓటర్ల చేతిలోనే దెబ్బ తింది. జాన్సన్ ప్రభుత్వం నిర్మాణ అనుమతుల నిబంధనలను సడలించాలనుకుంది. 2021 జూన్‌లో లండన్ శివారులోని సంపన్న నియోజకవర్గం చెషమ్ అండ్ అమర్షమ్‌లో ఉప ఎన్నిక వచ్చింది, పచ్చని పొలాల్లో ఇళ్లు వద్దన్న లిబరల్ డెమొక్రాట్లు టోరీల కంచుకోటను కూల్చారు. సంస్కరణ అటకెక్కింది. 2022 చివర్లో సునాక్ సొంత ఎంపీల ఒత్తిడికి తలొగ్గి స్థానిక సంస్థలకు తప్పనిసరి గృహనిర్మాణ లక్ష్యాలను కూడా వదిలేశారు. ఇల్లున్న తాతలకు కిటికీలోంచి కనిపించే పొలం ముఖ్యం, ఇల్లు లేని మనవళ్లకు ఆ పొలంలో ఒక గది కావాలి. పార్టీ ప్రతిసారీ తాతల పక్షమే నిలిచింది. ద్రవ్యోల్బణం, వేతనాల పెరుగుదల, రెండున్నర శాతం, ఈ మూడింటిలో ఏది ఎక్కువైతే అంత పింఛను పెంచే ఏర్పాటు కూడా 2010 నాటి సంకీర్ణం తెచ్చిందే. దాన్ని ముట్టుకునే ధైర్యం ఏ పెద్ద పార్టీకీ లేదు.

రిఫార్మ్ బలపడింది ఈ ఖాళీలోనే. 2025 మే స్థానిక ఎన్నికల్లో ఆ పార్టీ 677 కౌన్సిలర్ స్థానాలు గెలిచి పది కౌన్సిళ్లను చేజిక్కించుకుంది. టోరీలు 674 స్థానాలు పోగొట్టుకున్నారు. రెండు అంకెలు అంత దగ్గరగా ఉండటం కొంత యాదృచ్ఛికమే, ఎందుకంటే రిఫార్మ్ లేబర్ ఓట్లూ తీసుకుంది. కానీ కెంట్, లింకన్‌షైర్, స్టాఫర్డ్‌షైర్ లాంటి పాత టోరీ కౌంటీలు ఒక్క రోజులో పోవడం యాదృచ్ఛికం కాదు. అదే రోజు రన్‌కార్న్ అండ్ హెల్స్‌బీ ఉప ఎన్నికలో లేబర్ సీటును రిఫార్మ్ ఆరు ఓట్ల తేడాతో లాక్కుంది. అప్పటినుంచి చాలా సర్వేల్లో అదే మొదటి స్థానంలో నిలుస్తూ వచ్చింది.

రిఫార్మ్‌ను గొంతు పెంచిన టోరీ పార్టీగా చూస్తే పొరపాటే. 2025లో ఫరాజ్ స్కన్‌థోర్ప్ ఉక్కు కర్మాగారాన్ని జాతీయం చేయాలన్నారు. వృద్ధులకు శీతాకాల ఇంధన సాయం తిరిగి ఇవ్వాలన్నారు. రెండో బిడ్డ తర్వాత సంక్షేమ సాయం ఆపే నిబంధన తీసేయాలన్నారు, ఆ నిబంధన తెచ్చింది టోరీలే. అదే నోటితో భారీ పన్ను కోతల మాటా చెప్పి, ఏడాది చివరికి ఆ మాటను నెమ్మదిగా వెనక్కి తీసుకున్నారు. ఈ లెక్కలు పొసగవు. వాటిని పొసగించమని ప్రతిపక్షంలో ఉన్న పార్టీని ఓటరు అడగడు. కౌన్సిళ్లలో మాత్రం అడిగే రోజు వచ్చింది. వృథా ఖర్చు ఏరిపారేస్తామని గెలిచినవాళ్లు తీరా చూస్తే బడ్జెట్‌లో సింహభాగం వృద్ధుల సంరక్షణకు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువుకు పోతోందని తెలుసుకున్నారు. 2026లో స్థానిక పన్ను పెంచక తప్పలేదు.

కెమీ బేడెనాక్ ఆశలన్నీ ఇక్కడే ఉన్నాయి. 2024 నవంబరు 2న కన్జర్వేటివ్ పార్టీ నాయకురాలిగా ఎన్నికైన ఆమె మొదటి ఏడాది తడబాట్లతో గడిపారు. 2025 అక్టోబరులో మాంచెస్టర్ మహాసభలో తన విధానానికి ఒక రూపం ఇచ్చారు: ప్రభుత్వ ఖర్చులో 4,700 కోట్ల పౌండ్ల కోత, ఆదా అయ్యే సొమ్ములో కనీసం సగం లోటు తగ్గించడానికే, నివాసానికి కొనుక్కునే ఇంటిపై స్టాంపు డ్యూటీ రద్దు. ఖర్చుకు వెనకాడని రిఫార్మ్ ఎదుట లెక్క తప్పని పార్టీగా నిలబడాలన్నది ఆలోచన. ఇది తెలివైన చోటే. స్టాంపు డ్యూటీ రద్దు కూడా, ఆలస్యంగానైనా, ఇంటి సమస్య వైపు చూపు. కొనేవాళ్లకు సాయపడటం, కట్టేవాళ్లకు అనుమతివ్వడం ఒకటి కాదన్నది వేరే విషయం.

అదే మహాసభలో ఆమె మరో రెండు వాగ్దానాలు చేశారు. యూరోపియన్ మానవ హక్కుల ఒప్పందం నుంచి బయటికి రావడం ఒకటి, 2008 నాటి వాతావరణ మార్పుల చట్టం రద్దు రెండోది. ఆ ఒప్పందం రాయడంలో ముఖ్యపాత్ర వహించింది డేవిడ్ మాక్స్‌వెల్ ఫైఫ్ అనే కన్జర్వేటివ్ న్యాయవాది. భూతాపం గురించి ప్రపంచ నాయకుల్లో అందరికన్నా ముందు, 1989లో ఐక్యరాజ్యసమితిలో గట్టిగా మాట్లాడినవారిలో థాచర్ ఒకరు. 2008 చట్టానికి టోరీలు మద్దతిచ్చారు, 2050 నాటికి నికర ఉద్గారాలను సున్నాకు తెస్తామన్న లక్ష్యాన్ని అందులో చేర్చింది 2019లో థెరెసా మే ప్రభుత్వం. తాతలు కట్టినదాన్ని మనవలు కూల్చకూడదన్న నియమం లేదు. అయితే ఈ రెండూ అంతకుముందే ఫరాజ్ పట్టుకు తిరుగుతున్న జెండాలు. వాటిని కావాలనుకునే ఓటరు ముందు నుంచీ ఉన్నవాడి దగ్గరికి వెళతాడు, వద్దనుకునే ఓటరు లిబరల్ డెమొక్రాట్ల వైపు పోతాడు. దక్షిణ ఇంగ్లండ్‌లో ఆ పార్టీ 2024లో చేసింది ఇదే. 72 సీట్లు గెలిచింది, వాటిలో ఎక్కువ భాగం చెక్కుచెదరని టోరీ స్థానాలనుకున్నవి.

పార్టీ అటు ఎందుకు పోతుందో అర్థం కావాలంటే నాయకుణ్ని ఎన్నుకునే పద్ధతి చూడాలి. ముందు ఎంపీలు వడపోసి ఇద్దరిని మిగులుస్తారు, తర్వాత సభ్యత్వం ఉన్నవాళ్లు ఓటేస్తారు. 1998లో విలియం హేగ్ తెచ్చిన ఈ పద్ధతి అప్పట్లో ప్రజాస్వామికంగా కనిపించింది. 2022లో ఎంపీలు సునాక్‌ను ముందుంచారు, సభ్యులు ట్రస్‌ను ఎన్నుకున్నారు, ఫలితం ఏమిటో చూశాం. 1950ల్లో ఇరవై లక్షలు దాటిన సభ్యత్వం 2024 నాటి నాయకత్వ ఎన్నికకు 1,31,680కి దిగింది. అంత చిన్న గుంపు దేశం మనసును ప్రతిబింబిస్తుందని ఆశించలేం. బేడెనాక్‌కు 53,806, రాబర్ట్ జెన్రిక్‌కు 41,388 ఓట్లు పడ్డాయి. మధ్యేవాదుల ఆశాకిరణం జేమ్స్ క్లెవర్లీ అంతకుముందే ఎంపీల వడపోతలో, ముందు రౌండులో మొదటి స్థానంలో ఉండి కూడా, జారిపోయారు.

ఆ జెన్రిక్‌నే 2026 జనవరి 15న బేడెనాక్ తన షాడో కేబినెట్ (ప్రతిపక్షం నడిపే నీడ మంత్రివర్గం) నుంచి తొలగించారు. రిఫార్మ్‌లో చేరడానికి రహస్యంగా సిద్ధమవుతున్నారన్నది కారణం. ఆయన అదే రోజు చేరిపోయారు. కొద్దిరోజులకే మాజీ హోంమంత్రి సుయెల్లా బ్రేవర్మన్ వెళ్లారు. అంతకుముందే డానీ క్రూగర్, మాజీ ఆర్థికమంత్రి నదీమ్ జహావీ వెళ్లారు. ఫిరాయింపులంటే మనకు కొత్తేమీ కాదు కానీ బ్రిటన్‌లో ఫిరాయింపుల నిరోధక చట్టం లేదు, పార్టీ మారిన ఎంపీ పదవి పోదు. ఈ వలసకు రెండు ఫలితాలున్నాయి. గొడవపెట్టేవాళ్లు వెళ్లడంతో బేడెనాక్‌కు ఇంట్లో కాస్త ప్రశాంతత దక్కింది. మరోపక్క, పద్నాలుగేళ్ల వైఫల్యానికి తాము ప్రత్యామ్నాయమని చెప్పుకునే రిఫార్మ్ ముందు వరుసలో ఆ పద్నాలుగేళ్ల మంత్రులే కూర్చుంటున్నారు. ఎవరు ఎవరిలో కలుస్తున్నారన్న ప్రశ్నకు ఇదొక అనుకోని జవాబు కావచ్చు.

ఈ సందర్భంలో కెనడా పేరు తరచు వినిపిస్తుంది. 1993లో అక్కడి అధికార ప్రోగ్రెసివ్ కన్జర్వేటివ్ పార్టీ రెండంటే రెండు సీట్లకు పడిపోయింది. ప్రెస్టన్ మానింగ్ స్థాపించిన రిఫార్మ్ పార్టీకి 52 వచ్చాయి. పదేళ్ల తర్వాత 2003లో రెండు పాయలూ ఒకే కన్జర్వేటివ్ పార్టీగా కలిశాయి, 2006లో స్టీఫెన్ హార్పర్ ప్రధాని అయ్యారు. ఫరాజ్ అభిమానులు ఈ కథలోని ముగింపునే చెబుతారు. మధ్యలోని పదేళ్లు వదిలేస్తారు. ఆ పదేళ్లూ కుడిపక్షం ఓటు రెండుగా చీలి లిబరల్ పార్టీ వరసగా మూడు ఎన్నికలు గెలిచింది. పైగా మానింగ్ బలం పశ్చిమ రాష్ట్రాల్లో, పాత పార్టీకి మిగిలిన బలం తూర్పు తీరంలో, కాబట్టి కలిసినప్పుడు పంచుకోవడం తేలికైంది. ఇంగ్లండ్‌లో లింకన్‌షైర్, ఎసెక్స్, కెంట్ రెండు పార్టీలకూ కావాలి.

నెగ్గినవాడికే సీటు దక్కే పద్ధతి ఈ పోటీని నిర్దయగా తేలుస్తుంది. ఆ పద్ధతిలో మూడో స్థానం ఎంత చేటో 1983లో తేలింది. అప్పట్లో లిబరల్, సోషల్ డెమొక్రాట్ కూటమికి 25.4 శాతం ఓట్లకు 23 సీట్లు వస్తే, 27.6 శాతం వచ్చిన లేబర్‌కు 209 దక్కాయి. రెండు శతాబ్దాలు టోరీలను కాపాడిన ఈ యంత్రం, ఒక గీత దాటి కిందికి వెళ్లాక వాళ్లను అంతే కఠినంగా శిక్షిస్తుంది. అందుకే పొత్తు మాట ఎంత కాదన్నా మళ్లీ మళ్లీ వస్తుంది. బేడెనాక్ వద్దన్నారు, ఫరాజ్ కూడా వద్దన్నారు. ఫరాజ్‌కు ఒక కారణం చేదు అనుభవం: 2019లో పోటీ నుంచి తప్పుకుని సాయం చేస్తే తనకు దక్కింది శూన్యం. పైగా రెండు పార్టీల ఓట్లూ కూడితే గెలుపన్న లెక్కలో లోపం ఉంది. సర్రేలోని టోరీ ఓటరుకు ఫరాజ్ పొడ గిట్టదు, గ్రిమ్స్‌బీలోని రిఫార్మ్ ఓటరుకు టోరీలంటే వెస్ట్‌మినిస్టర్ దొరలు. పొత్తు పెట్టుకుంటే ఇద్దరిలోనూ కొందరు జారుకుంటారు.

ఈ పోటీ ఫలితం తెలుగువారికి దూరపు వార్త కాదు. చదువు పూర్తయ్యాక రెండేళ్లు పని చేసుకునే వీసాను 2021లో తెరిచింది జాన్సన్ ప్రభుత్వమే, దాన్ని నమ్ముకుని మన రెండు రాష్ట్రాల నుంచి పెద్దసంఖ్యలో విద్యార్థులు వెళ్లారు. 2024 జనవరి నుంచి మాస్టర్స్ చదివేవారిలో చాలామంది భార్యనో భర్తనో వెంట తీసుకెళ్లడానికి వీల్లేకుండా చేసింది సునాక్ ప్రభుత్వం. అదే ఏడాది ఏప్రిల్‌లో నైపుణ్య ఉద్యోగ వీసాకు కనీస జీతం 38,700 పౌండ్లకు పెరిగింది. ఆ తర్వాత శాశ్వత నివాస అనుమతి వేలంపాటలోకి వచ్చింది. అయిదేళ్ల గడువు పదేళ్లు చేయాలని 2025 ఫిబ్రవరిలో బేడెనాక్ అన్నారు, మేలో లేబర్ ప్రభుత్వమే ఆ దారిలోకి వచ్చింది, సెప్టెంబరులో ఫరాజ్ ఆ అనుమతినే పూర్తిగా ఎత్తేస్తామన్నారు, ఇప్పటికే పొందినవారితో సహా. ఒకరి మాటను మించి ఇంకొకరు పాడుతున్న ఈ పాటలో నష్టపోయేది అక్కడ ఇల్లు కొని, పిల్లల్ని బడిలో చేర్చి, పన్ను కడుతున్న కుటుంబాలు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ కుటుంబాలు స్కెల్టన్ ఊహించిన ఓటర్లే: ఆస్తి కూడబెట్టుకునేవారు, చదువుకు, క్రమశిక్షణకు విలువిచ్చేవారు. 2024లో దేశమంతా ఓడిన టోరీలు వేరే పార్టీ నుంచి కొత్తగా గెలుచుకున్న స్థానం ఒకే ఒక్కటి, అది భారతీయ మూలాలవారు అధికంగా ఉన్న లెస్టర్ ఈస్ట్. అక్కడ శివానీ రాజా నెగ్గారు. హారో ఈస్ట్ కూడా అలాంటి జనాభాతోనే పార్టీకి నిలిచింది. వలసల గురించి రిఫార్మ్‌తో పోటీపడి మాట్లాడే ప్రతి మాటా ఈ ఓటర్లకూ వినపడుతుంది. 2025 జూలైలో భారత్‌తో కుదిరిన వాణిజ్య ఒప్పందం విషయంలోనూ ఇలాగే జరిగింది. తాత్కాలికంగా వెళ్లే భారతీయ ఉద్యోగులకు మూడేళ్లు సామాజిక భద్రతా చెల్లింపుల నుంచి మినహాయింపునిచ్చే ఏర్పాటును బేడెనాక్ గట్టిగా విమర్శించారు. ఆ చర్చలు మొదలుపెట్టింది టోరీ ప్రభుత్వమే, కొన్నాళ్లు ఆమే వాణిజ్య మంత్రి.

వచ్చే సార్వత్రిక ఎన్నికలు 2029 ఆగస్టులోగా జరగాలి. అప్పటికి మూడు దారులు తెరిచి ఉన్నాయి. రిఫార్మ్ ఇలాగే ముందుంటే టోరీలు దక్షిణ ఇంగ్లండ్‌లోని కొన్ని కౌంటీలకు, ఇల్లూ పింఛనూ ఉన్న వృద్ధులకు పరిమితమైన చిన్న పార్టీ అవుతారు, పీల్ అనుచరుల్లాగా గౌరవం ఉండి బలం లేనివాళ్లుగా. రిఫార్మ్ డబ్బు లెక్కల్లో బోల్తాపడితే, ఖజానా గురించి ఇప్పటినుంచే జాగ్రత్తగా మాట్లాడుతున్న బేడెనాక్ మాటకు విలువ పెరుగుతుంది. రెండూ సగం సగంగా జరిగితే ఎవరికీ మెజారిటీ రాని సభలో ఫరాజ్ ప్రధాని కావడానికి టోరీలు మద్దతివ్వాలా వద్దా అన్న ప్రశ్న వస్తుంది. మూడింటిలో ఎక్కువ అవకాశం ఉన్నది మూడోదే అనిపిస్తుంది. అప్పుడు మద్దతిస్తే పార్టీ ఏమవుతుందో 2015లో లిబరల్ డెమొక్రాట్లకు జరిగింది చూసుకుంటే చాలు, ఇవ్వకపోతే లేబర్‌ను గద్దెనెక్కించారన్న నింద తప్పదు. ఏ దారి అయినా ఇరవై అయిదేళ్ల ఉద్యోగికి ఒక ఇల్లు ఎలా అందుతుందో చెప్పగలిగే పార్టీ ఇప్పటికి కుడిపక్షంలో ఒక్కటీ లేదు. ఫరాజ్ దగ్గర దానికి జవాబు వలసలు ఆపడం, బేడెనాక్ దగ్గర స్టాంపు డ్యూటీ రద్దు. చెషమ్‌లో పొలం పక్కన కట్టాల్సిన ఇళ్ల గురించి ఇద్దరూ గట్టిగా మాట్లాడటం లేదు.